మీ ఆఫీసు టీమ్‌తో అప్పటికప్పుడు అల్లుకునే ఆటలు ఆడించడం ఎలా?

అనంతపురంలో ఆసుపత్రులు నడిపేవాళ్ళు, కర్నూలులో విత్తనాల కంపెనీ మేనేజర్లు, కడపలో బైకుల షోరూమ్ ఓనర్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "స్టాఫ్‌కి ట్రైనింగ్ పెడుతున్నాం. కుర్చీలాట, బెలూన్లు పగలగొట్టడం కాకుండా పనికొచ్చే ఆటలేమైనా ఉన్నాయా?" ఉన్నాయని చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది. "మావాళ్ళకు సిగ్గెక్కువండీ, నోరు విప్పరు. ఎట్లా ఆడించేది?" రెండింటికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నా. ఇది చదివాక బయటి ట్రైనర్ లేకుండానే మొదటి సెషన్ మీరే నడపగలుగుతారు.

ఇంప్రొవైజేషన్ గేమ్స్ అంటే రాసిపెట్టుకున్న డైలాగులు లేకుండా, ఒకరన్న మాటను ఇంకొకరు అందుకుంటూ అప్పటికప్పుడు అల్లుకుపోయే ఆటలు. షికాగోలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ పిల్లలతో పనిచేస్తూ వీటిలో చాలావాటిని తయారుచేశారు, 1963లో పుస్తకంగా వేశారు. ఆమె కొడుకు పాల్ సిల్స్, 1959లో మొదలైన సెకండ్ సిటీ నాటక బృందం స్థాపకుల్లో ఒకరు. తర్వాతి కాలంలో ఆ బృందమే కంపెనీల ఉద్యోగులకు కూడా ఈ ఆటలతో శిక్షణ ఇచ్చింది. చరిత్ర ఇంతవరకు చాలు.

మీ స్టాఫ్‌కి మాత్రం షికాగో కథ చెప్పకండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతి చెప్పండి. రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఆ ఊరి సంగతుల మీదే మాటలు విసురుతారు, వాటిని ఎవరూ ముందుగా రాసివ్వరు. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి అడ్డదిడ్డంగా ఏదో అడిగితే అవధాని అక్కడికక్కడే జవాబిస్తాడు. మనకు ఇది కొత్త విద్యేం కాదని తెలిస్తే సగం బెరుకు పోతుంది.

నాకు బాగా నమ్మకమున్న మాటొకటి ముందే చెబుతా. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం, విన్నదాన్ని పట్టుకుని ఒక అడుగు ముందుకు వేయడం: ఈ ఆటలు నేర్పేది ఈ రెండే. నవ్వు వస్తే మంచిదే, రాకపోయినా నష్టం లేదు. పని దగ్గర నేను చూసిన గొడవల్లో చాలావరకు ఎవరో ఒకరు సగం విని జవాబివ్వడంతో మొదలైనవే. అందుకే కింద ఏ ఆట చెప్పినా, దాన్ని ఈ కొలతతోనే చూడండి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- 10 నుంచి 16 మంది. అంతకంటే ఎక్కువ ఉంటే రెండు బ్యాచ్‌లు చేయండి. ఆరుగురే ఉన్నా ఆడొచ్చు, కాకపోతే అందరికీ తొందరగా అలుపొస్తుంది, గంటకు ముగించండి.
- గంటన్నర సమయం. పొద్దున పని మొదలుకాకముందు పెట్టుకుంటే మంచిది. మధ్యాహ్నం సంగటి తిన్నాక పెడితే సగం మంది కునికిపాట్లు పడతారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు ఎనిమిదికే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు అయిపోగొట్టండి.
- బల్లలు, కుర్చీలు గోడవారగా జరిపిన గది. ఆఫీసులో చోటు లేకపోతే మేడ మీద నీడ ఉన్నచోట, లేదా దగ్గర్లోని స్కూల్లో ఒక తరగతి గది అడగండి. ఫంక్షన్ హాలు వద్దు, అక్కడ మాట మారుమోగుతుంది.
- కూలర్ మోత పెద్దగా ఉంటే వినే ఆటలప్పుడు ఆపేయాలి. ఫ్యాన్లున్న గది దొరికితే ఇంకా మేలు.
- చిన్న చీటీలు, నాలుగు పెన్నులు, టైమ్ చూడటానికి ఒక ఫోన్. మిగతా ఫోన్లన్నీ ఒక బుట్టలో.
- నీళ్ళు, మజ్జిగ. రంజాన్ నెలలో అయితే ఉపవాసం ఉన్నవాళ్ళ ముందు తినడం, తాగడం పెట్టకండి, అరుపులు ఎక్కువుండే ఆటలు తగ్గించండి. ఏ నెలలోనైనా శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు అడ్డం రాకూడదు.

నెలాఖరు, ఆడిట్ వారం, పండగ సేల్స్ రోజులు వదిలేయండి. టార్గెట్ టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆట శిక్షలా ఉంటుంది.

ఇక చేయాల్సిన పద్ధతి

1. ఒకే ఒక్క ఇబ్బంది ఎంచుకోండి.

"టీమ్ స్పిరిట్ పెరగాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "నైట్ షిఫ్ట్ నర్సు చెప్పింది మార్నింగ్ షిఫ్ట్‌కి సరిగ్గా అందడం లేదు", "కస్టమర్ చెప్పిన రిపేరు జాబ్ కార్డులోకి (షోరూమ్‌లో బండి పనులు రాసుకునే కాగితం) ఎక్కడం లేదు", "మీటింగ్‌లో ఇద్దరే మాట్లాడుతున్నారు". ఇలా వేలుపెట్టి చూపించగలిగేది ఒకటి రాసుకోండి. సెషన్‌కి రెండు వారాల ముందు నుంచే దాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ఇంటికి వెళ్ళిపోయిన నర్సుకు రోజూ ఎన్నిసార్లు ఫోన్ చేసి అడగాల్సి వస్తోంది? గోడ క్యాలెండర్ మీద గీతలు గీసినా చాలు. ఈ లెక్క లేకుండా ఆడిస్తే, తర్వాత ఫలితం వచ్చిందో లేదో మీకే తెలియదు.

2. బాస్‌తో ముందుగా మాట్లాడండి.

ఓనరో, మేనేజరో కుర్చీ వేసుకుని టీ తాగుతూ చూస్తుంటే ఎవరూ నోరు విప్పరు. ఆయనకు రెండే దారులున్నాయని మర్యాదగా చెప్పండి: అందరితో పాటు ఆడాలి, లేదా గదిలో ఉండకూడదు. ఆడితే మొదటి ఆట ఎలాగో అందరికీ చేసి చూపించే జంటలో ఆయనే ఉండాలి. ఆయన తప్పు చేసి నవ్వేస్తే, వెనకున్న అటెండర్ అబ్బాయికి కూడా ధైర్యం వస్తుంది.

ఇంకో మాట కూడా ఆయనతో ఒప్పించుకోండి. ఇక్కడ ఎవరెలా ఆడారన్నది అప్రైజల్‌లోకి, ఇంక్రిమెంట్‌లోకి రాకూడదు. స్టాఫ్ అందరి ముందు ఆయనే ఆ మాట చెబితే బాగుంటుంది.

3. మొదటి పది నిమిషాలు నియమాలకు ఇవ్వండి.

తొందరపడి ఆటలోకి దూకకండి. ఈ నియమాలు బోర్డు మీద రాసి, చదివి వినిపించండి.

ఎవరైనా ఎప్పుడైనా "పాస్" అనవచ్చు, కారణం అడగకూడదు. ఎవరూ ఎవరినీ తాకకూడదు. చేతులు పట్టుకునే, భుజం తట్టే ఆటలు నెట్‌లో బోలెడు కనిపిస్తాయి, మన ఆఫీసుల్లో అవి అక్కర్లేదు. జంటలు ఎవరితో కావాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గర్భిణులు కుర్చీలో కూర్చునే ఆడతారు. వీడియోలు, స్టేటస్‌లు వద్దు.

జోకులకు కూడా హద్దు చెప్పాలి. కులం, మతం, పార్టీ, శరీరం రంగూ రూపూ, సహోద్యోగి యాస: వీటి మీద ఆట లేదు. సీమ అనగానే కత్తి, బాంబు, సుమో అంటూ ఒకరు ఫ్యాక్షన్ వేషం మొదలుపెడతారు, మిగతావాళ్ళు నవ్వుతారు. అక్కడికక్కడే ఆపండి. ఆ గదిలో దానివల్ల ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఉండవచ్చు. వాళ్ళు మీతో చెప్పరు, ఇంకోసారి ఆటకు రారు, అంతే.

ట్రైనింగ్ కూడా ఆఫీసు కిందికే వస్తుందని మర్చిపోవద్దు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇక్కడా వర్తిస్తుంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. కమిటీలో ఉన్న మహిళా ఉద్యోగి ఒకరిని నియమాలు చదవమని అడగండి. ఆ మాట ఆమె నోటి నుంచి వస్తే గట్టిగా నిలుస్తుంది.

4. వార్మప్: ఒకటి, రెండు, మూడు.

ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు "ఒకటి", ఇంకొకరు "రెండు", మళ్ళీ మొదటివారు "మూడు", రెండోవారు "ఒకటి"... ఇలా ఆగకుండా లెక్కపెట్టాలి. ఒక నిమిషం తర్వాత "ఒకటి" బదులు చప్పట్లు. ఇంకో నిమిషానికి "రెండు" బదులు కాలితో నేలమీద తట్టడం. చివరికి "మూడు" బదులు నమస్కారం. నోట మాట లేకుండా లెక్క నడుస్తుంది.

అందరూ తప్పుతారు. తప్పాలి కూడా. తప్పిన వెంటనే ఇద్దరూ చేతులు పైకెత్తి "మళ్ళీ!" అని గట్టిగా అని మొదటి నుంచి మొదలుపెట్టాలి. సారీలు చెప్పుకోవడం, తల గోక్కోవడం, "నువ్వే తప్పు చేసినావ్" అనడం ఏదీ వద్దు. మన ఆఫీసుల్లో తప్పు జరిగితే మొదటి పని దాన్ని దాచడం, రెండో పని ఇంకొకరి మీదికి తోయడం. తప్పును పైకి చెప్పి వెంటనే మళ్ళీ మొదలుపెట్టే అలవాటు ఐదు నిమిషాల్లో రాకపోవచ్చు, కానీ దాని రుచి తెలుస్తుంది.

సిగ్గరి టీమ్‌కి ఇదే సరైన మొదలు. ఎవరూ ఒంటరిగా అందరి ముందు నిలబడక్కర్లేదు, అన్ని జంటలూ ఒకేసారి ఆడతాయి కాబట్టి ఎవరినీ ఎవరూ చూడరు. "మీ గురించి చెప్పి ఒక పాట పాడండి" అని మొదలుపెట్టే ట్రైనర్లు ఉన్నారు. నోరు విప్పనివాళ్ళను పూర్తిగా మూయించే పద్ధతి అది.

5. ఇరవై దాకా లెక్క.

అందరూ గుండ్రంగా నిలబడి తలలు దించుకోవాలి. ఎవరో ఒకరు "ఒకటి" అంటారు, ఇంకెవరో "రెండు". వరుస లేదు, సైగలు లేవు. ఇద్దరు ఒకేసారి అంటే మళ్ళీ ఒకటి నుంచి. మొదట్లో ఐదారు దాటడమే కష్టం. ఊరుకోండి, చిట్కాలు చెప్పకండి. తెలివైనవాళ్ళు కుడి నుంచి ఎడమకు వరుసగా చెప్పే ఎత్తు వేస్తారు, దాన్ని మాత్రం ఒప్పుకోవద్దు. 15 మంది దాటితే పది దాకా చాలు.

మీటింగుల్లో ఒకరి మీద ఒకరు పడి మాట్లాడే టీమ్‌లకు ఈ ఆట బాగా పనిచేస్తుంది. ఎక్కువ అంకెలు తామే చెప్పేసినవాళ్ళు ఎవరో, అసలు ఒక్కటీ చెప్పనివాళ్ళు ఎవరో మీరు గమనించండి. పేర్లు బయటపెట్టకండి.

6. "సరే, ఇంకా..."

మొత్తం సెషన్‌లో ఒక్క ఆటకే టైమ్ ఉంటే ఇదే ఆడించండి. మళ్ళీ జంటలు. సబ్జెక్టు తేలికగా ఉండాలి, ఆఫీసు ట్రిప్ లాంటిది. మూడు విడతలు, ఒక్కోటి రెండు నిమిషాలు.

మొదటి విడతలో ఒకరు ఏం చెప్పినా రెండోవారు కాదనాలి.

"అక్కా, ఈసారి అందరం గండికోటకు పోదామా?"
"ఈ ఎండలోనా? వద్దులే."
"పోనీ బెలుం గుహలకు?"
"లోపల ఉక్కపోత. నా వల్ల కాదు."

రెండో విడతలో ప్రతి జవాబూ "సరే, కానీ" అని మొదలవ్వాలి.

"గండికోటకు పోదామా?"
"సరే, కానీ బండి బాడుగ ఎవరిస్తారు?"
"అందరం తలాకొంత వేసుకుందాం."
"సరే, కానీ అందరికీ ఒకేరోజు లీవు దొరకదు కదా."

మూడో విడతలో "సరే, ఇంకా".

"గండికోటకు పోదామా?"
"సరే, ఇంకా తెల్లారుజామునే బయలుదేరితే ఎండ ముదిరేలోపు పెన్నా లోయ చూసేయొచ్చు."
"సరే, ఇంకా దారిలో తినడానికి ఉగ్గాని, బజ్జీ కట్టించుకుందాం."
"సరే, ఇంకా జమ్మలమడుగులో మా పిన్నమ్మోళ్ళ ఇల్లుంది, మధ్యాహ్నం సంగటి అక్కడే."

మూడు విడతలూ అయ్యాక ఒక్కటే అడగండి: "ఏ విడతలో మీకు మాట్లాడబుద్ధి అయింది?" జవాబు మీరు చెప్పక్కర్లేదు. రెండో విడత గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడించండి. "కాదు" అన్నదానికంటే "సరే, కానీ" ఎక్కువ విసుగు పుట్టించిందని చాలామంది అంటారు. ఆఫీసులో ఎక్కువగా నడిచేది ఆ రెండో విడతే. పైకి ఒప్పుకున్నట్టే ఉంటుంది, పని మాత్రం కదలదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఆట చూసి "అయితే కస్టమర్ ఏమడిగినా సరే అనాలా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మీరే ఎత్తండి. బ్యాంకులోనూ మందుల షాపులోనూ కుదరదని చెప్పాల్సినవి ఉంటాయి, చెప్పే తీరాలి. "సరే" అనేది రూల్ పక్కన పెట్టడానికి కాదు, ఎదుటి మనిషి అవసరం మనకు అందిందని తెలపడానికి. ఆసుపత్రి మందుల కౌంటర్లో చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగిన తల్లికి, "చీటీ లేకుండా ఇవ్వం, పోండి" అనడం ఒక పద్ధతి. "బిడ్డకు జ్వరం తగ్గలేదని భయపడుతున్నావు కదమ్మా. ఈ మందు చీటీ లేకుండా ఇవ్వకూడదు. పైన డాక్టర్ గారున్నారు, ఇప్పుడే చూపించుకుని రా, అంతలో మిగతావి తీసిపెడతా" అనడం ఇంకో పద్ధతి. రూల్ రెండుచోట్లా అదే. ఈ రెండు జవాబులూ స్టాఫ్‌తో పైకి అనిపించి చూడండి, తేడా వాళ్ళకే తెలుస్తుంది.

జంటలు మాటల్లేక ఆగిపోతున్నాయా? రెండో మనిషి తన వాక్యానికి ముందు ఎదుటివాళ్ళు చెప్పిన ఆఖరి మాటను ఒకసారి తిరిగి అనాలని చెప్పండి. తెలుగులో అవునో కాదో వాక్యం చివర్లో గానీ తేలదు, కాబట్టి మధ్యలో అందుకునే అలవాటున్నవాళ్ళకు ఇది మంచి కళ్ళెం.

7. దత్తపది కథ.

అవధానంలో నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. మనం పద్యం జోలికి పోకుండా కథ అల్లిద్దాం. ఐదుగురి గుంపుకు నాలుగు చీటీలు: టార్పాలిన్, రైలు గేటు, తాతయ్య, నిమ్మకాయ. ఒక్కొక్కరు ఒక్క వాక్యమే చెప్పాలి, ముందువాళ్ళ వాక్యంలోంచి ఏదో ఒకటి తప్పక అందుకోవాలి, నాలుగు పదాలూ కథలో పడాలి. తన దగ్గరున్న పదాన్ని ఎలాగైనా ఇరికించాలనే తొందరలో పక్కవాళ్ళ వాక్యం వినకపోవడం ఇక్కడ జరిగే పొరపాటు. పది నిమిషాలు చాలు. టైమ్ లేకపోతే వదిలేయండి, నష్టమేమీ లేదు.

టీమ్‌లో బీహార్ నుంచో, ఒడిశా నుంచో వచ్చినవాళ్ళు ఉండి తెలుగు అంతగా రాకపోతే, ఈ కథకు బదులు అద్దం ఆట పెట్టండి. ఇద్దరు రెండడుగుల దూరంలో నిలబడతారు. ఒకరు నెమ్మదిగా చేతులు కదిలిస్తే ఇంకొకరు అద్దంలో బొమ్మలా అదే చేయాలి. రెండు నిమిషాలకు పాత్రలు మార్చాలి. వేగం పెంచి ఎదుటివాళ్ళను తికమక పెట్టేవాళ్ళకు "చూసేవాళ్ళకు ఎవరు నడిపిస్తున్నారో తెలియకూడదు" అని గుర్తుచేయండి. భాష అడ్డం రాని ఆట కావడంతో హెల్పర్లూ ఇంజనీర్లూ ఇక్కడ సమానంగా ఆడతారు.

8. కౌంటర్ ఆట: ఆపు, మార్చు.

అసలు పని ఇక్కడ జరుగుతుంది. కనీసం పాతిక నిమిషాలు ఉంచుకోండి. బ్రెజిల్‌కు చెందిన ఆగస్టో బోవాల్ ఫోరమ్ థియేటర్ పేరుతో చేసిన పద్ధతికి ఇది దగ్గర: చూసేవాళ్ళు కథను మధ్యలో ఆపి, తామే లోపలికి వచ్చి మార్చవచ్చు.

మీరు మొదట రాసుకున్న ఇబ్బందిని చిన్న సన్నివేశంగా చేయండి. పేర్లు, తేదీలు మార్చండి. గదిలో ఉన్న మనిషికి నిజంగా జరిగిన గొడవను అలాగే దించకండి, ఆ మనిషిని అందరి ముందు నిలబెట్టినట్టవుతుంది. విత్తనాల కంపెనీ అయితే ఇలా ఉండొచ్చు.

"మీకాడ తీసుకున్న శెనక్కాయ విత్తనం సగం కూడా మొలవలేదు."
"నేలలో పదును సరిగ్గా రాకముందే వేసుంటారు. అందుకే మొలవలేదు."
"అంటే తప్పు నాదేనంటావా?"

ఇక్కడ ఎవరో ఒకరు "ఆపు!" అంటారు. లేచి వచ్చి స్టాఫ్ స్థానంలో కూర్చుంటారు. రైతు పాత్ర మారదు. సన్నివేశం మొదటి నుంచి నడుస్తుంది.

"మీకాడ తీసుకున్న శెనక్కాయ విత్తనం సగం కూడా మొలవలేదు."
"కూర్చోండి పెద్దాయనా. ఎన్నెకరాల్లో వేసినారు?"
"నాలుగు. మొన్న వానకు వేసినా."
"నాలుగెకరాలంటే మాటలా. బిల్లు తెచ్చినారా? సంచి మీది లాట్ నంబర్ రాసుకుంటా. రేపు పొద్దున మా మనిషిని చేనుకాడికి పంపిస్తా."

ఆ తర్వాత మొదటి ప్రశ్న రైతు పాత్ర వేసినవాళ్ళను అడగాలి: "ఏ మాట దగ్గర నీ కోపం తగ్గింది?" స్టాఫ్ పాత్ర వేసినవాళ్ళను మెచ్చుకోవడం తర్వాత. ఇంకొకరు వచ్చి మూడోరకంగా ప్రయత్నించనివ్వండి. ఏది సరైన జవాబో తీర్పు చెప్పకండి. నిజంగా మనిషిని చేనుకు పంపే ఏర్పాటు కంపెనీలో ఉందా లేదా అన్న ప్రశ్న రావచ్చు. వస్తే చాలా మంచిది, రాసుకోండి, పై అధికారికి చేర్చండి.

కస్టమర్ పాత్రలో రోజూ కౌంటర్లో కూర్చునేవాళ్ళే ఉండాలి. ఎదుటి కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. పాత్ర వేసేవాళ్ళు పల్లెటూరి మనిషిని వెక్కిరించేలా యాస పెడితే మాత్రం ఆపి, మామూలుగా మాట్లాడమనండి. మన బిల్లులు కట్టే మనుషులను హేళన చేయడం నేర్పే ట్రైనింగ్ అసలు లేకపోయినా ఫర్వాలేదు.

ఎవరూ "ఆపు" అనడం లేదా? మొదటిసారి మీరే అనండి, కానీ లోపలికి వెళ్ళకండి. "ఇక్కడ ఏం మారిస్తే బాగుంటుంది?" అని పక్కపక్కవాళ్ళను ఒక నిమిషం మాట్లాడుకోమనండి. తర్వాత చేతులు లేస్తాయి.

9. ఆట తర్వాత మాట.

సెషన్లు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. ఆటలకే టైమంతా అయిపోయి, ఫొటో దిగి, సమోసాలు తిని వెళ్ళిపోతారు. చివరి పావుగంటను తాళం వేసి ఉంచుకోండి. గుండ్రంగా కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఆటలో ఏం జరిగింది? ఇలాంటిది మన పనిలో ఎక్కడ జరుగుతోంది? రేపటి నుంచి ఏ ఒక్కటి మారుద్దాం?

ప్రశ్న వేసి ఆగండి. మనకు నిశ్శబ్దం భరించడం కష్టం, వెంటనే మనమే జవాబు చెప్పేస్తాం. మనసులో పది లెక్కపెట్టండి, ఎవరో ఒకరు మాట్లాడతారు. మాట్లాడనివాళ్ళను పేరుపెట్టి లాగకండి, చీటీ మీద రాసివ్వమనండి.

మార్పు ఒక్కటే ఉండాలి, అందరూ ఒప్పుకున్నదై ఉండాలి. "షిఫ్ట్ మారేటప్పుడు విన్నవాళ్ళు విన్నది తిరిగి చెప్పాలి." దీన్ని పెద్దక్షరాలతో రాసి, హాజరు పుస్తకం పక్కన అంటించండి. పది మార్పులు రాస్తే ఒక్కటీ జరగదు.

తరచూ కనిపించే పొరపాట్లు

బాగా మాట్లాడే ఇద్దరినే ప్రతిసారీ ముందుకు పిలవడం. సెషన్ కళగా కనిపిస్తుంది, కానీ నేర్చుకోవాల్సినవాళ్ళు ప్రేక్షకులుగా మిగిలిపోతారు.

గెలిచినవాళ్ళకు బహుమతి పెట్టడం. పోటీ వస్తే వినడం ఆగిపోతుంది. ఆట అయ్యాక అందరికీ కలిపి టిఫిన్ పెట్టండి, అదే చాలు.

నాటకాల మనిషిని పిలిచి మొత్తం అప్పజెప్పడం. కడప జిల్లాలోనే 1885లో సురభి నాటకం పుట్టింది, మన జిల్లాల్లో మంచి నటులకు కొదవ లేదు. వాళ్ళు వస్తే నాకూ సంతోషమే. కానీ డైలాగ్ ఎలా చెప్పాలో, ఎటు తిరిగి నిలబడాలో దిద్దడం మొదలైతే మీ క్యాషియర్ మళ్ళీ ముడుచుకుపోతాడు. దిద్దకూడదని ముందే మాట తీసుకోండి.

ఇంకొకటి, అన్నిటికంటే పెద్దది. జీతాలు ఆలస్యమవుతున్నచోట, వారాంతపు సెలవు కూడా దొరకనిచోట, ఐదుగురి పని ఇద్దరితో చేయిస్తున్నచోట ఈ ఆటలు పెట్టకండి. స్టాఫ్‌కి అది అవమానంగా అనిపిస్తుంది, అనిపించడం న్యాయమే. ముందు అవి సరిచేయండి.

ఫలితం వచ్చిందో లేదో ఎలా చూడాలి?

సెషన్ నడుస్తుండగా నవ్వు ఎటు పోతోందో చూడండి. తమ తప్పుకు తాము నవ్వుకుంటుంటే బాగా నడుస్తున్నట్టు. ఒక మనిషిని చూసి అందరూ నవ్వుతుంటే ఆట మార్చండి. "పాస్" అనేవాళ్ళు ఒకరిద్దరుంటే మామూలే, నిజానికి ఆ నియమాన్ని నమ్మారని అర్థం. సగం మంది అంటుంటే ఆట వాళ్ళకు బరువుగా ఉంది, ఒక మెట్టు దిగి జంటల ఆటకు వెళ్ళండి.

అయిపోగానే పేరు రాయని చీటీలో రెండు ప్రశ్నలు: ఏది పనికొచ్చింది, ఏది ఇబ్బంది పెట్టింది? "సూపర్ సార్" అనే చీటీలను పక్కనపెట్టి రెండో ప్రశ్న జవాబులు చదవండి.

అసలు కొలత మాత్రం మీ గోడ క్యాలెండరే. సెషన్ తర్వాతి రెండు వారాలూ అదే లెక్క, అదే పద్ధతిలో గీయండి. ఇంటికి వెళ్ళిన నర్సుకు చేసే ఫోన్లు తగ్గాయా? జాబ్ కార్డులో ఎక్కని రిపేర్లు తగ్గాయా? మొదటి వారం తగ్గి రెండో వారం మళ్ళీ పెరిగితే ఆశ్చర్యపోకండి, అలవాటు ఇంకా కుదరలేదు. రోజూ పని మొదలయ్యే ముందు మూడు నిమిషాలు "ఒకటి, రెండు, మూడు" ఆడించి, గోడ మీద అంటించిన ఆ ఒక్క మార్పు గుర్తుచేయండి.

లెక్క అసలు కదలకపోతే రెండు చోట్ల వెతకండి. చివరి పావుగంట మాటలు నిజంగా జరిగాయా? జరిగినా మారలేదంటే ఇబ్బంది వినడంలో లేదేమో: రిజిస్టర్‌లో రాసే కాలమ్ లేకపోవడం, రెండు షిఫ్టుల మధ్య ఐదు నిమిషాలు కూడా కలిసి ఉండకపోవడం లాంటివి చూడండి. దానికి ఇంకో ఆట వెతకడం దండగ, కాలమ్ గీయించండి, షిఫ్ట్ టైమ్ కాస్త జరపండి.

రెండో సెషన్ మూడు నాలుగు వారాల తర్వాత పెట్టుకోండి. ఈసారి వార్మప్‌ను స్టాఫ్‌లోనే ఒకరు నడపాలి, మొదటిసారి ఎక్కువ మాట్లాడనివాళ్ళలో ఎవరికైనా ఇష్టముంటే వాళ్ళకే ఇవ్వండి. కౌంటర్ ఆటకు కొత్త సన్నివేశాలు ఫిర్యాదుల పుస్తకంలోంచి తీయండి, పేర్లు మాత్రం మార్చడం మర్చిపోకండి.